ఎండాకాలం కదా సార్, రెండు తగ్గించమంటారా?

బంకులో గాలి కొట్టే అబ్బాయి అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే. ‘ఎంత పెట్టమంటారు సార్?’ మనలో చాలామంది ఇచ్చే జవాబు కూడా ఒకటే. ‘మామూలుగా ఎంత పెడతారో అంత పెట్టు బ్రో.’ ఆ మామూలు ఎంతో అతనికీ తెలీదు, మనకీ తెలీదు. మెషీన్ మీద ముందు వచ్చిన కారుకి పెట్టిన నంబర్ అలాగే ఉంటుంది. అది 30 కావచ్చు, 40 కావచ్చు. పైపు తగిలిస్తాడు, కాసేపటికి బీప్‌మంటుంది, ఓ పది రూపాయలు చేతిలో పెట్టి వచ్చేస్తాం.

ఎన్ని ఎయిర్‌బ్యాగులున్నాయి, క్రాష్ టెస్టులో ఎన్ని స్టార్లొచ్చాయి అని నెలల తరబడి రివ్యూలు చూసి కారు కొంటాం. తీరా ఆ కారు మొత్తాన్ని మోసే టైర్ల సంగతి మాత్రం ముందు కారు వాళ్ల నంబర్‌కి వదిలేస్తాం. ఒక్కో టైరు రోడ్డును తాకే చోటు దాదాపు మన అరచేయంత. అంతే. బ్రేకు వేసినా, స్టీరింగ్ తిప్పినా, వానలో జారకుండా ఆగినా ఆ నాలుగు అరచేతుల మీదే.

సరైన నంబర్ కోసం నిజానికి ఎవర్నీ అడగక్కర్లేదు. డ్రైవర్ డోర్ తెరవండి. డోర్ మూస్తే కనపడకుండా పోయే పిల్లర్ మీద ఓ చిన్న స్టిక్కర్ ఉంటుంది. కొన్ని కార్లలో అది పెట్రోల్ ట్యాంక్ మూత లోపలి వైపు ఉంటుంది. రెండు చోట్లా కనపడకపోతే డ్యాష్‌బోర్డులో పాలిథిన్ కవర్ కూడా విప్పకుండా పడున్న మాన్యువల్‌లో చూడండి. టైరు సైజు ఇది, ముందు వాటికి ఇంత, వెనక వాటికి ఇంత అని రాసుంటుంది. చాలా కార్లకి రెండు వరసలుంటాయి. ఒకటి ఇద్దరో ముగ్గురో ఎక్కినప్పుడు, ఇంకోటి కారు నిండా మనుషులు, డిక్కీ నిండా సామాను ఉన్నప్పుడు. మన దగ్గర చిన్న హ్యాచ్‌బ్యాక్‌లకి ఎక్కువగా 30 నుంచి 33 పీఎస్‌ఐ, కాంపాక్ట్ ఎస్‌యూవీలకి 33 నుంచి 36 దాకా కనిపిస్తుంది. అయితే నేను చెప్పిన ఈ అంకెల్ని గుర్తుపెట్టుకోకండి. మీ కారు స్టిక్కర్‌ని ఒక ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. స్టిక్కర్ మీద 230 కేపీఏ అనో, 2.3 బార్ అనో ఉంటే కంగారు పడక్కర్లేదు, రెండూ మన 33 పీఎస్‌ఐకే దగ్గర.

కొంతమంది స్టిక్కర్ వదిలేసి టైరు పక్కన అచ్చువేసిన అంకెలు చదువుతారు. అక్కడ 44 అనో 51 అనో కనిపిస్తే ‘ఓహో, ఇదన్నమాట’ అనుకుంటారు. అది ఆ టైరుకి పెట్టదగిన గరిష్ఠం. అదే టైరు అరడజను రకాల కార్లకి పడుతుంది. ఏ కారు ఎంత బరువుందో, బరువు ముందు ఎక్కువో వెనక ఎక్కువో టైరు కంపెనీకేం తెలుసు? అది కారు చేసినవాళ్లకి తెలుసు. అందుకే మనం వినాల్సింది స్టిక్కర్ మాట.

ఇంతవరకు పెద్ద గొడవేం లేదు. అసలు గొడవ ఎండాకాలంలో మొదలవుతుంది.

రోళ్లు పగిలే ఎండలో టైరు పగలదా?

మొన్న మే నెలాఖర్లో మా అక్కా బావా కాకినాడ నుంచి హైదరాబాద్ బయల్దేరారు. ఇద్దరు పిల్లలు, మా అమ్మ, మూడు పెద్ద బ్యాగులు, మామిడిపళ్ల బుట్ట, రెండు ఆవకాయ జాడీలు. వెనక నుంచి చూస్తే కారు కాస్త కూర్చున్నట్టే ఉంది. తెల్లారగట్ల ఐదింటికి నా గేజ్ తెచ్చి టైర్లు చూస్తే 26, 26, 27, 25.

‘ఏంటి బావా, గాలి ఇంత తక్కువుంది?’

‘నేనే నిన్న బంకులో దగ్గరుండి తగ్గించానురా. అసలే రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండ, టైరు పగలదా? గాలి ఉబ్బిపోయి పేలిపోద్ది.’

మా బావ ఒక్కడే కాదు, ఈ మాట అనే వాళ్లు వీధికి పదిమంది ఉంటారు. బంకులో అబ్బాయిలు కూడా మంచి మనసుతోనే ‘ఎండాకాలం కదా సార్, రెండు తగ్గించమంటారా?’ అనడుగుతారు. వినడానికి లాజిక్ బానే ఉంటుంది. వేడికి గాలి వ్యాకోచిస్తుందని స్కూల్లో చదివిందే కదా. వ్యాకోచిస్తుంది, నిజమే. ఎంత? పొద్దున్నే 30 డిగ్రీలప్పుడు 33 పెట్టారనుకోండి. హైవే మీద పరిగెత్తి టైరులోని గాలి 60 డిగ్రీలకి చేరితే ప్రెజర్ 38కి కూడా చేరదు. మన టైరు మీద గరిష్ఠం 44 అని ఉంది. పైగా ఆ 44 కూడా టైరు చల్లగా ఉన్నప్పటి లెక్క. వేడికి పెరిగే ఆ నాలుగైదు పీఎస్‌ఐని టైరు చేసేవాళ్లు, కారు చేసేవాళ్లు ముందే లెక్కలో వేసుకునే స్టిక్కర్ రాస్తారు.

మరి ఎండాకాలంలో హైవేల మీద టైర్లు పేలుతున్న మాట అబద్ధమా? కాదు. పేలుతున్నాయి. కాకపోతే చాలాసార్లు గాలి ఎక్కువై కాదు, తక్కువై.

ఇదెలాగో ఒక ఇనప తీగ తీసుకుంటే అర్థమవుతుంది. దాన్ని ఒకేచోట అటూ ఇటూ గబగబా వంచండి. కాసేపటికి ఆ చోటు చెయ్యి కాలేంత వేడెక్కుతుంది, ఇంకాసేపటికి పుటుక్కుమంటుంది. కారు బరువుని మోసేది టైరు రబ్బరు కాదు, లోపలున్న గాలి. గాలి తగ్గితే టైరు పక్క గోడ నేల దగ్గర ఎక్కువగా నొక్కుకుపోతుంది, పైకి వెళ్లగానే మళ్లీ సాగుతుంది. మన కార్ల టైరు చుట్టుకొలత దాదాపు రెండు మీటర్లు. వంద స్పీడులో వెళ్తుంటే సెకనుకి 14 సార్లు తిరుగుతుంది. అంటే ఆ గోడలో ప్రతి చోటూ సెకనుకి 14 సార్లు వంగి లేస్తోంది. గంటకి యాభై వేల సార్లు! ఆ వంగడంలో పుట్టే వేడి రబ్బరులోనే పేరుకుంటుంది. రోడ్డు వేడి, ఎండ వేడి, కారు నిండా బరువు, స్పీడు తోడైతే లోపలి దారాల పొరలూ, స్టీలు తీగల పొరా రబ్బరు నుంచి విడిపోవడం మొదలవుతుంది. పైకేం కనపడదు. ఒక్కసారిగా తెలుస్తుంది, అప్పటికి మీరు 158 కిలోమీటర్ల ఓఆర్‌ఆర్ మీద ఎక్కడో లారీ పక్కన ఉంటారు.

అంటే గాలి తగ్గించడం వల్ల టైరు చల్లగా ఉండదు, ఇంకా కాలుతుంది. మంచి చేస్తున్నామనుకుంటూ చేసే పని ఇది. అందుకే నాకీ అపోహ మిగతా వాటికంటే ప్రమాదం అనిపిస్తుంది. నిర్లక్ష్యంగా ఉండేవాడు కాదు, జాగ్రత్త పడేవాడే ఇందులో ఇరుక్కుంటాడు.

మా బావకి ఇనప తీగ కథంతా చెప్పే టైమ్ లేదు. స్టిక్కర్ చూపించా. ఫుల్ లోడ్ వరసలో ముందు 33, వెనక 36 అనుంది. కార్లో సాకెట్‌కి తగిలించే చిన్న పంపుతో అంతా సరిచేసి పంపించా. గేజ్ కూడా పట్టుకెళ్లాడు లెండి, నమ్మకం కుదరక. మధ్యాహ్నం సూర్యాపేటలో టీకి ఆగి ఫోన్ చేశాడు. ‘రేయ్, వెనకవి 41 చూపిస్తున్నాయి. కొంచెం తీసేయనా?’

‘ముట్టుకోకు బావా!’ అన్నా.

పరిగెత్తిన టైరులో అంత పెరగడమే సరైన లెక్క. అప్పుడు గాలి తీసి 36కి తెచ్చాడనుకోండి, రాత్రి ఇంటికెళ్లి చల్లారాక అది 31 చూపిస్తుంది. మర్నాడు మళ్లీ తక్కువ గాలితో బయల్దేరినట్టే.

అమెరికాలో 2000లో ఏమైంది

ఈ విషయంలో ప్రపంచానికి కళ్లు తెరిపించిన కథ ఒకటుంది. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ అనే ఎస్‌యూవీ అప్పట్లో అమెరికాలో తెగ అమ్ముడుపోయేది. దానికి ఫైర్‌స్టోన్ టైర్లు వచ్చేవి. వాటిలో కొన్ని రకాలు స్పీడులో ఉండగా పైపొర ఊడిపోయి, బండ్లు బోల్తా కొట్టడం మొదలైంది. టెక్సాస్, ఆరిజోనా, ఫ్లోరిడా లాంటి వేడి రాష్ట్రాల్లోనే ఎక్కువ. 2000 ఆగస్టులో 65 లక్షల టైర్లు వెనక్కి పిలిచారు. అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ లెక్కలో ఆ టైర్లతో ముడిపడిన మరణాలు 271.

ఇందులో మనకి పనికొచ్చే ముక్క ఏంటంటే, ఆ బండికి ఫోర్డ్ చెప్పిన ప్రెజర్ 26 పీఎస్‌ఐ. 30 ఉండాలని ఫైర్‌స్టోన్ వాదన. లోపం టైరుదా, బండిదా అని వందేళ్ల దోస్తీ ఉన్న రెండు కంపెనీలు బహిరంగంగా కొట్టుకుని విడిపోయాయి. ప్రభుత్వ విచారణ చివరికి టైర్ల తయారీ లోపాన్నే తప్పుబట్టింది. కానీ లోపమున్న టైరుకి వేడి, స్పీడు, బరువు, తక్కువ గాలి ఎలా తోడవుతాయో ఆ గొడవలో అందరికీ తెలిసొచ్చింది. అదే ఏడాది అమెరికాలో కొత్త చట్టం వచ్చింది. దాని ఫలితంగానే 2008 మోడల్ నుంచి అక్కడి కొత్త కార్లన్నిటికీ టీపీఎంఎస్, అంటే టైరులో గాలి తగ్గితే డ్యాష్‌బోర్డు మీద లైటు వెలిగించే ఏర్పాటు తప్పనిసరైంది. ఇప్పుడు మన కార్లలో వెలిగే ఆ గుర్రపునాడా లాంటి పసుపు గుర్తు వెనక ఇంత కథ ఉంది.

ఆ లైటుంది కదా అని నిశ్చింతగా ఉండేవాళ్లకి ఒక మాట. అమెరికా నిబంధన ప్రకారం స్టిక్కర్ నంబర్‌ కంటే పాతిక శాతం తగ్గితే లైటు వెలగాలి. 33కి పాతిక శాతం తగ్గితే దాదాపు 25. అంటే 27 దగ్గర లైటు వెలక్కపోవచ్చు, కానీ టైరు కష్టాల్లోనే ఉంది. పైగా కొన్ని కార్లలో టైరు లోపల సెన్సర్ ఉండదు. నాలుగు చక్రాలు తిరిగే వేగాల్ని పోల్చి తేడా పట్టుకుంటుంది, అంతే. అలాంటి కార్లలో గాలి నింపాక మెనూలోకెళ్లి రీసెట్ కొట్టాలి. తప్పు ప్రెజర్ మీద రీసెట్ కొడితే అదే కరెక్టని కారు నమ్మేస్తుంది. స్క్రీన్ మీద ఏ టైరులో ఎంతుందో అంకెలు చూపించే కార్ల వాళ్లు అదృష్టవంతులు. రోజూ పొద్దున్నే ఓసారి చూస్తే చాలు.

చల్లగా ఉన్నప్పుడు అంటే ఎప్పుడు?

స్టిక్కర్ మీది నంబర్ చల్లటి టైరుకి. కారు కనీసం మూడు గంటలు ఆగి ఉండాలి, లేదా ఒకటిన్నర రెండు కిలోమీటర్లకి మించి తిరక్కుండా ఉండాలి. ఎండలో నిలబెట్టిన కారు ఆగి ఉన్నా టైరు చల్లగా ఉన్నట్టు కాదు. తెల్లవారుజామే మంచిది.

‘బంకు ఆరు కిలోమీటర్ల దూరంలో ఉంటే ఎలా?’ అంటారా. దానికో చిట్కా ఉంది. పొద్దున్నే ఇంటి దగ్గర గేజ్‌తో చూడండి. 29 ఉంది, ఉండాల్సింది 33 అనుకుందాం. లోటు నాలుగు. బంకుకి వెళ్లేసరికి టైరు కాస్త వేడెక్కి 31 చూపిస్తుంది. దానికి ఆ నాలుగూ కలిపి 35 పెట్టించుకోండి. చల్లారాక 33కి దగ్గరగా వస్తుంది. గేజ్ కొన్ని వందల్లో దొరుకుతుంది. రెండు మూడు వేలు పెడితే కార్లో పెట్టుకునే పంపే వస్తుంది. బంకు మెషీన్లు అన్నీ ఒకే మాట చెప్పవు, రెండు మూడు పీఎస్‌ఐ తేడాలు మామూలే. అందుకే మన చేతిలో ఒకే గేజ్ ఉంటే, అది ఖరీదైనది కాకపోయినా, ఏ వారం ఎంత తగ్గిందో తెలుస్తుంది. ఒక టైరు మాత్రం వారానికి నాలుగు తగ్గుతోందంటే మేకు దిగిందనో, వాల్వ్ లీకవుతోందనో అర్థం. ట్యూబ్‌లెస్‌లో మేకు దిగినా పట్టించుకోనంత మెల్లగా దిగుతుంది గాలి. గేజ్ లేనివాడికి అది తెలియదు, బూటుతో తన్ని చూస్తే అసలే తెలియదు.

ఏ మేకూ దిగకపోయినా నెలకి ఒక పీఎస్‌ఐ దాకా రబ్బరులోంచే మెల్లగా పోతుంది. దానికి చలి తోడైతే చూడండి. ఆదిలాబాద్‌లో ఒకాయన మే నెలలో 40 డిగ్రీలప్పుడు 33 నింపాడనుకుందాం. డిసెంబరు పొద్దున పది డిగ్రీలకి, ఒక్క చుక్క లీకవకపోయినా, అది 28కి దిగుతుంది. ఏడు నెలల మామూలు లీకేజీ కలిపితే 21. చూడ్డానికి టైరు నిండుగానే కనిపిస్తుంది! రేడియల్ టైరు కింద కొంచెం ఉబ్బినట్టు ఉండటం మామూలే కాబట్టి కంటితో ఆ తేడా పట్టుకోవడం చాలా కష్టం. చలికాలం పొద్దున్నే టీపీఎంఎస్ లైటు వెలిగి, మధ్యాహ్నానికి ఆరిపోతే సెన్సర్ పాడైందని షోరూమ్‌కి పరిగెత్తకండి. ముందు గాలి చూడండి.

వాన రోజుల్లో దీనికి ఇంకో లెక్క ఉంది. నీళ్లు నిలిచిన రోడ్డు మీద స్పీడుగా వెళ్తే టైరు నీటిమీద తేలిపోతుంది, స్టీరింగ్ ఒక్క క్షణం గాల్లో తిప్పినట్టు ఉంటుంది. విమానాల టైర్ల మీద నాసా పరిశోధకులు 1960ల్లో చేసిన లెక్క ప్రకారం, ఆ తేలిపోయే స్పీడు టైరులో ప్రెజర్‌ని బట్టి ఉంటుంది. దాన్ని మన కార్లకి ఉజ్జాయింపుగా వేస్తే 33 దగ్గర 95 కిలోమీటర్లు, 24 దగ్గర 81. టైరు అరిగి ఉంటే ఇంకా ముందే తేలుతుంది. వానలో 85 పెద్ద స్పీడేం కాదు అనుకునేవాడికి ఈ 14 కిలోమీటర్లే తేడా.

ఎక్కువ కొట్టిస్తే?

తక్కువ ప్రమాదమైతే ఎక్కువ మంచిదేగా అని 40 కొట్టించే బ్యాచ్ ఒకటుంది. మైలేజీ కోసమంటారు. టైరు బిగిసిపోయి మధ్యలో మాత్రమే రోడ్డును తాకుతుంది. అరచేయి కాస్తా ఇంకా చిన్నదవుతుంది, బ్రేకు పట్టు తగ్గుతుంది, ప్రతి గుంతా నడుముకి తెలుస్తుంది. టైరు మధ్యలో అరిగిపోతే గాలి ఎక్కువ, రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ. సెకండ్‌హ్యాండ్ కారు చూడ్డానికి వెళ్లినప్పుడు పాత ఓనర్ ఎలాంటివాడో ఈ రెండు గుర్తులూ చెప్పేస్తాయి.

మైలేజీ విషయానికొస్తే, ఆ పేరుతో ఊదరగొట్టడం నాకు నచ్చదు. అమెరికా ప్రభుత్వ లెక్క ప్రకారం నాలుగు టైర్లలో సగటున ఒక పీఎస్‌ఐ తగ్గితే మైలేజీ 0.2 శాతం పోతుంది. ఎనిమిది తగ్గినా పోయేది 1.6 శాతమే. నెలకి ఐదు వేల పెట్రోలు కొట్టించేవాళ్లకి 80 రూపాయలు. అసలు డబ్బు టైర్లలో పోతుంది. అంచులు అరిగి నాలుగూ ముందే మార్చాల్సొస్తే చిన్న కారుకైనా ఇరవై వేలు.

నైట్రోజన్ సంగతి కూడా అడుగుతారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. షాపుల్లో నింపే దానిలో తేమ ఉండదు, లీకేజీ కాస్త నెమ్మదిగా ఉంటుంది. అంతవరకు నిజం. ‘వేడికి అస్సలు పెరగదు సార్’ అనే మాట మాత్రం నమ్మకండి, రెండూ దాదాపు ఒకేలా పెరుగుతాయి. ఊరికే పోస్తే పోయించుకోండి. టైరుకింత అని డబ్బులిచ్చేంత తేడా నాకైతే కనపడలేదు. పచ్చ క్యాప్ పెట్టుకున్న కొంతమంది ఇక చూడక్కర్లేదన్నట్టు ఆరు నెలలు గేజ్ ముట్టుకోరు, నా భయమల్లా అదే. దారిలో నైట్రోజన్ దొరక్కపోతే మామూలు గాలి కలిపినా ఏం కాదు.

అలాయ్‌లు మార్చి పెద్ద సైజు టైర్లు వేయించినవాళ్లకి స్టిక్కర్ నంబర్ అచ్చంగా వర్తించకపోవచ్చు. టైరు పక్కన సైజు తర్వాత 88హెచ్ లాంటిది ఒకటి ఉంటుంది. 88 అంటే ఆ టైరు ఒక్కటీ 560 కిలోలు మోయగలదని, హెచ్ అంటే 210 స్పీడు దాకా అని. కొత్త టైరుకి ఆ అంకె కంపెనీ టైరుకంటే తగ్గకూడదు. ప్రెజర్ ఎంతో టైరు కంపెనీ డీలర్‌ని అడిగి రాయించుకోండి.

స్టెప్నీని అందరూ మర్చిపోతారు. టీపీఎంఎస్, పంచర్ కిట్ ఉంటే స్టెప్నీ లేకపోయినా ఫర్వాలేదని 2020లో మన దగ్గర నిబంధన మారింది కాబట్టి ముందు మీ కారులో అదుందో లేదో చూడండి. ఉంటే మిగతా వాటికంటే రెండు మూడు ఎక్కువే ఉంచండి, వాడేనాటికి అదెలాగూ తగ్గుతుంది. సన్నగా ఉండే తాత్కాలిక స్టెప్నీలు కొన్నిటికి 60 పీఎస్‌ఐ ఉండాలి, స్పీడు 80 దాటకూడదు. దాని మీదే రాసుంటుంది.

ఇక లంబసింగికో గోవాకో సెల్ఫ్ డ్రైవ్ కారు తీసుకునేవాళ్లకి. కారు చేతికిచ్చేటప్పుడు గీతల కోసం చుట్టూ వీడియో తీస్తాం కదా. అప్పుడే డోర్ తెరిచి స్టిక్కర్‌ని, టైరు పక్కన నాలుగంకెల తయారీ తేదీని కూడా తీయండి. 2319 అంటే 2019లో 23వ వారం. తర్వాత ఎంతమంది ఎక్కుతున్నారో లెక్కేసుకుని, మొదటి బంకులోనే ఆపి, మెషీన్ మీద అంతకుముందున్న నంబర్ మార్చమనండి. ‘అన్నా, ముందు 33, వెనక 36’ అని అంకె నోటితో చెప్పండి. ‘ఎండాకాలం కదా సార్’ అంటే వద్దనండి. స్టెప్నీకి కూడా పట్టించి, వాల్వ్ క్యాపులు ఐదూ వెనక్కి తీసుకోండి.